తరంగాలకు చిక్కని వస్తువులు

(కార్తీక వనసమారాధన సందర్భంగా హంసలదీవిలో జరిగిన మన సంఘ సభలో చేసిన ప్రసంగ పాఠం)



భోజనాలకు ముందు ప్రసంగం పెట్టడం వక్తకు పరీక్షే. ఒకవైపు నుంచి పులిహోర వాసన వస్తోంది. అందుచేత అరగంటకు మించి మాట్లాడనని కార్యదర్శి గారికి మాట ఇచ్చాను. డి.ఏ. బకాయిల గురించి, హెల్త్ కార్డుల గురించి నాకంటె బాగా మాట్లాడేవారు మనలో ఉన్నారు. నాకు అప్పగించినది వేరే విషయం. నేను రెవెన్యూ శాఖలో గుమాస్తాగా చేరి, గుమాస్తాగానే 2009లో దిగిపోయినవాణ్ణి. చదువుకున్న రోజుల్లో ఫిజిక్సు ఇష్టం. రిటైరయిన తరువాత ఆ పాత ఇష్టం మళ్ళీ పట్టుకుంది. అంతకు మించి నాకు అధికారం లేదని ముందుగా మనవి చేస్తున్నాను.

మన సభ్యుల వాట్సాప్ గ్రూపులో ఏడాదికి ఒకసారైనా ఒక వీడియో తిరుగుతుంది. ఒకాయన పారదర్శకంగా ఉండే గుడ్డ ఒకటి పట్టుకుని నిలబడతాడు. గుడ్డ అడ్డం పెట్టుకోగానే మనిషి మాయమై వెనక ఉన్న చెట్లు కనపడతాయి. "చైనావాళ్ళు కనిపెట్టారు, మన సైన్యం గతేమిటి?" అని కింద ఒక వ్యాఖ్య. ఆ వీడియో 2017 చివరిలో పుట్టింది. అది సినిమాల్లో చేసే ట్రిక్కు, అంతకన్న ఏమీ లేదు. ఈ మాట ఎందుకు చెప్పవలసి వచ్చిందంటే, బియ్యం లాగే రాగి చెంబు, ఇరిడియం చెంబు అని చెప్పి, శాస్త్రవేత్తల వేషాలు కట్టి, జీవితమంతా కూడబెట్టుకున్న సొమ్ము కాజేసే ముఠాల గురించి మనం పేపర్లో చదువుతూనే ఉన్నాం. రేపు అదృశ్య వస్త్రం పేరుతోనూ రావచ్చు. మన కమ్యుటేషన్ డబ్బు మీద కన్ను ఉన్నవాళ్ళు చాలామంది ఉన్నారు.

అయితే వీడియో అబద్ధమైనంత మాత్రాన విషయమంతా అబద్ధం కాదు. ఒక వస్తువును తరంగాలకు కనపడకుండా చేయడం నిజంగానే సాధ్యమైంది. ఎంత మేరకు సాధ్యమైంది, ఎక్కడ ఆగిపోయింది అనేదే నేను చెప్పదలచుకున్నది. దానికీ ఈ సముద్రపు ఒడ్డుకీ ఉన్న సంబంధం కూడా చివరలో మనవి చేస్తాను.

మొదట చూడటం అంటే ఏమిటి? కాలువలో గుంజ పాతితే నీరు దానికి తగిలి చెదురుతుంది. గుంజ మనకు కనపడకపోయినా, దిగువన లేచే అలలను బట్టి పైన ఏదో అడ్డం ఉందని చెప్పగలం. కన్ను చేసేదీ, రాడార్ చేసేదీ ఇదే పని. వెలుగయినా, రేడియో తరంగమయినా, రాడార్ తరంగమయినా అన్నీ ఒకే జాతి, విద్యుదయస్కాంత తరంగాలు. తేడా పొడవులో ఉంది. కంటికి కనపడే వెలుగు తరంగం పొడవు మన తలవెంట్రుక మందంలో వందో వంతుకు అటూ ఇటూగా ఉంటుంది. బందరులో 2004లో పెట్టిన డాప్లర్ రాడార్ పంపే తరంగం పొడవు సుమారు 10 సెంటీమీటర్లు, అంటే బెత్తెడు. ఆ తరంగం వాన చినుకులకు తగిలి చెదిరి, అందులో పిసరంత వెనక్కి వస్తుంది. ఆ పిసరు బట్టే మేఘం ఎక్కడుందో, ఎటు కదులుతోందో లెక్క కడతారు. కాబట్టి కనపడకుండా చేయడమంటే వస్తువును మాయం చేయడం కాదు, అది కలిగించే చెదురును మాయం చేయడం.

ఇందుకు రెండు దారులు ఉన్నాయి. మొదటిది ఇంగ్లండులో పెండ్రీ అనే ఆచార్యుడూ, అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంవారూ 2006లో చూపినది. తరంగాన్ని వస్తువు చుట్టూ వంచి, అవతల మళ్ళీ కలిపివేయడం. మన కృష్ణమ్మ పులిగడ్డ దగ్గర రెండుగా చీలి దివిని చుట్టుకుని పోతుంది కదా, అలాగన్నమాట. కాని కృష్ణ పాయలు మళ్ళీ కలవవు, వేరువేరుగా సముద్రంలో పడతాయి. పెండ్రీ గారి పద్ధతిలో పాయలు తిరిగి కలవాలి, కలిసిన చోట అసలు చీలినట్లే తెలియకూడదు. చాలా చిక్కు పని. పైగా తరంగం లోపలికి పోదు గనుక లోపల ఉన్నవాడికి బయటిదేమీ కనపడదు. రామాయణంలో ఇంద్రజిత్తు తాను కనపడకుండా ఎదుటివారిని చూస్తూ బాణాలు వేశాడు. ఈ పద్ధతిలో అది కుదరదు.

రెండవ దారి నాకు బాగా నచ్చినది, బహుశా గుమాస్తా బుద్ధి వల్లనే. 2005లో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ఉన్న ఆండ్రియా అలూ, నాదర్ ఎంగెటా అనే ఇద్దరు దీన్ని ప్రతిపాదించారు. మనం ఖాతాల్లో ఎదురు పద్దు రాస్తాం. ఒకవైపు వంద ఖర్చు, ఇంకోవైపు వంద జమ. రెండు పద్దులూ పుస్తకంలో ఉంటాయి, నిల్వ మాత్రం సున్నా. ఆడిటరు నిల్వ ఒక్కటే చూసి పోయేవాడైతే అక్కడ లావాదేవీ జరిగినట్లే అతనికి తెలియదు. వారి పద్ధతి సరిగ్గా ఇదే. వస్తువు కలిగించే చెదురుకు సమానమైన ఎదురు చెదురును కలిగించే తొడుగు ఒకటి దాని మీద వేస్తారు. రెండూ కొట్టివేసుకుంటాయి. బయటినుంచి చూసే తరంగానికి నిల్వ సున్నా.

ఎదురు చెదురు కలిగించే పదార్థం ఎక్కడ దొరుకుతుంది? అదే ప్లాస్మోనిక్ పదార్థం. గాజు, చెక్క, నీరు వంటివాటి మీద తరంగం పడితే వాటిలోని విద్యుదావేశాలు తరంగం లాగిన వైపే కాస్త జరుగుతాయి. వెండి, బంగారం వంటి లోహాలలో ఎలక్ట్రానులు గుంపుగా, స్వేచ్ఛగా తిరుగుతుంటాయి. ఉయ్యాలను దాని సొంత ఊపుకంటె మరీ తొందరగా ఊపబోతే ఏమవుతుంది? మనం తోసేటప్పుడు అది ఎదురు వస్తుంది. ఆ ఎలక్ట్రానుల గుంపు కూడా వెలుగు తరంగానికి అలాగే ఎదురు తిరిగి స్పందిస్తుంది. శాస్త్రజ్ఞులు ఈ స్పందనను ఒక అంకెతో కొలుస్తారు, దానికి పర్మిటివిటీ అని పేరు. గాజుకు అది ధనసంఖ్య, వెండికి ఋణసంఖ్య. అద్దం వెనక వెండి పూత మెరవడానికీ, బంగారాన్ని అతి సన్నని రేణువులుగా నీటిలో కలిపితే ఎర్రగా కనపడటానికీ ఈ గుంపు స్వభావమే కారణం. ఆ ఎర్రని బంగారు నీటిని 1857లోనే ఫారడే పరీక్షించాడు.

మనలో పెద్దవారికి రేడియో సిలోన్ గుర్తుండే ఉంటుంది. రాత్రిపూట షార్ట్‌వేవ్‌లో అంత దూరం నుంచి పాట ఎలా వచ్చేది? ఆకాశంలో చాలా ఎత్తున విడివడిన ఎలక్ట్రానుల పొర ఉంది, అయనోస్ఫియర్ అంటారు. అది షార్ట్‌వేవ్ తరంగాలను కిందికి తిప్పి పంపుతుంది. వెండి పూతకూ ఆ పొరకూ లోపలి సూత్రం ఒక్కటే, రెండింటిలోనూ ఎలక్ట్రానుల గుంపే పని చేస్తుంది. మన వాల్తేరులో, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఆచార్య బి. రామచంద్రరావు గారి ఆధ్వర్యంలో ఆ పొర మీద చాలా పరిశోధన జరిగింది. ఈ సంగతి మనవాళ్ళు అంతగా చెప్పుకోరు.

ఇప్పుడొక చిక్కు. వెండి, బంగారం వెలుగు విషయంలో ఈ ఎదురు పద్దు రాస్తాయి గాని, రాడార్ తరంగం దగ్గరకు వచ్చేసరికి వాటి ఋణసంఖ్య ఎంతో పెద్దదైపోయి వట్టి అద్దంలా అన్నిటినీ తిప్పికొడతాయి. వంద ఖర్చుకు లక్ష జమ రాస్తే పద్దు కలవదు గదా. అందుకని కావలసినంత ఋణసంఖ్య మాత్రమే ఇచ్చే పదార్థాన్ని చేతితో కట్టుకోవాలి. ఇలా పదార్థాన్ని అల్లి కొత్త గుణం పుట్టించే ఆలోచనకు మన దేశంలోనే ఒక పూర్వీకుడు ఉన్నాడు. 1898లో కలకత్తాలో జగదీశ్ చంద్ర బోసు గారు జనపనారను మెలిపెట్టి, ఆ మెలికల గుండా విద్యుత్ తరంగాలను పంపి, తరంగం ఊగే దిక్కు మారడం చూపించారు. ఇవాళ మెటామెటీరియల్ అని పెద్ద పేరుతో చెప్పేదానికి ఆ నార కట్ట ముత్తాత అని చెప్పవచ్చు.

2012లో టెక్సాస్ విశ్వవిద్యాలయంలో అలూ గారి బృందం లోహపు పట్టీలను విద్యుత్తును ప్రసరింపనివ్వని పదార్థంలో అమర్చి ఒక తొడుగు చేసింది. 18 సెంటీమీటర్ల పొడవున్న ఒక స్తంభానికి దాన్ని తొడిగి, ఆరుబయట ఉన్న వస్తువును తరంగాలు ఎలా చూస్తాయో అలాగే అన్ని వైపుల నుంచీ పరీక్షించారు. చెదురు బాగా తగ్గిపోయింది. వారు వాడిన తరంగం 3.1 గిగాహెర్ట్జ్, అంటే పొడవు 10 సెంటీమీటర్లకు కాస్త తక్కువ. ఈ అంకె చదివినప్పుడు నేను కుర్చీలోంచి లేచాను. అది మన బందరు రాడార్ తరంగానికి దగ్గర చుట్టం! మరుసటి ఏడు ఇంకా పలుచని తొడుగు చేశారు. ప్లాస్టిక్ పొర మీద 66 మైక్రోమీటర్ల రాగి రేకును వల మాదిరి కత్తిరించి అతికించారు.

ఈ పద్ధతిలో ఇంకొక సుగుణం ఉంది. తరంగం వస్తువులోకి కూడా పోతుంది, బయటికి మాత్రం చెదురు రాదు. అంటే లోపలివాడు చూడగలడు. ఇంద్రజిత్తు కోరిక కొంతవరకు తీరినట్లే. అందుచేత దీని అసలు ఉపయోగం దాక్కోవడంలో కంటె కొలవడంలో ఎక్కువ అంటున్నారు. కొలిచే పరికరం తాను కొలిచేదాన్ని చెదరగొట్టకుండా ఉండవచ్చు. ఒకే స్తంభం మీద రెండు ఏంటెనాలు పక్కపక్కన పెట్టినా ఒకదాని నీడ ఒకదాని మీద పడకుండా చేయవచ్చు.

ఇక పరిమితులు. ఎదురు పద్దు ఒక్క తరంగం పొడవుకే, దాని దగ్గరి చుట్టాలకే సరిపోతుంది. పొడవు మారితే పద్దు తప్పుతుంది. కొన్నిసార్లు తొడుగు వేసిన వస్తువు వేయనిదానికంటె ఎక్కువగా కనపడుతుంది కూడా. 1987లో వచ్చిన మిస్టర్ ఇండియా హిందీ సినిమా మీలో చాలామంది చూసే ఉంటారు. అందులో మామూలు వెలుగులో కనపడని మనిషి ఎర్రని వెలుగులో పట్టుబడిపోతాడు. కథ రాసినవారు అనుకుని రాశారో లేదో గాని ఈ విషయంలో వారు ఫిజిక్సు తప్పలేదు. రెండో పరిమితి వస్తువు సైజు. తరంగం పొడవుతో పోల్చితే వస్తువు పెరిగేకొద్దీ పద్దులు ఎక్కువై కలపడం కష్టమవుతుంది. 2016లో అలూ గారే మరొకరితో కలిసి ఈ హద్దును లెక్కగట్టారు. బయటినుంచి శక్తి ఇవ్వని తొడుగుతో, ఓ మాదిరి ఏంటెనాను రేడియో తరంగాల నుంచి దాచవచ్చునట. మనిషంత వస్తువును కంటికి కనపడే వెలుగంతటి నుంచీ దాచడం మాత్రం కుదరదని తేల్చారు. కనిపెట్టినవాడే హద్దు గీసి చూపించాడు. వాట్సాప్ వీడియోలో ఎవరైనా హద్దు చెప్పగా విన్నారా?

యుద్ధ విమానాల సంగతి కూడా అడుగుతారని తెలుసు. స్టెల్త్ విమానం తరంగాన్ని పక్కలకు మళ్ళిస్తుంది, కొంత మింగివేస్తుంది. వెనక్కి రానివ్వదు గాని దాని వెనక నీడ పడుతూనే ఉంటుంది. నేను చెప్పిన తొడుగు నీడను కూడా తీసివేయడానికి పుట్టినది.

ఇంతవరకు దాక్కోవడం. ఇక మన ఒడ్డు.

ఈ హంసలదీవి కాకి హంసగా మారిన చోటని మన పెద్దలు చెప్పేవారు. దివి ప్రజలకు మాత్రం ఈ సముద్రం పేరు చెప్పగానే ఇంకొక రోజు గుర్తుకు వస్తుంది, 1977 నవంబరు 19, శనివారం. అప్పటికి బందరులో తుపానులను చూసే రాడార్ లేదు. అది 1980ల తొలి సంవత్సరాలలో వచ్చింది. ఉప్పెన మనిషి నిలువు కంటె ఎత్తున వచ్చి ఊళ్ళకు ఊళ్ళను తుడిచిపెట్టింది. సొర్లగొంది వంటి ఊళ్ళ పేర్లు ఈనాటికీ తలుచుకుంటే మాట రాదు. పోయినవారు అధికారిక లెక్కలలోనే పదివేలకు అటూ ఇటూ. నేను అప్పటికి సర్వీసులో చేరి నాలుగేళ్ళయింది. మాకు జాబితాలు రాసే పని పడింది. పేరు, తండ్రి లేక భర్త పేరు, వయస్సు, ఊరు. చివర ఒక గడిలో మరణించినవారు, ఇంకో గడిలో ఆచూకీ తెలియనివారు. రెండో గడి నింపడమే కష్టంగా ఉండేది. మొదటి గడిలో రాయించుకున్నవారు ఏడ్చి లేచి వెళ్ళేవారు. రెండో గడివారు మర్నాడు మళ్ళీ వచ్చి, పేరు సరిగ్గా రాశారా బాబూ అని అడిగేవారు.

చట్టంలో ఆ రెండో గడికి ఏమున్నదో మనకు తెలుసు. 1872 నాటి సాక్ష్య చట్టం 108వ సెక్షను ప్రకారం, ఏడేళ్ళు ఒక మనిషి గురించి, సహజంగా తెలియవలసినవారికి ఏ సమాచారమూ అందకపోతే, బతికే ఉన్నాడని నిరూపించే భారం ఆ మాట అనేవారి మీద పడుతుంది. 2024 జూలైలో కొత్త చట్టం అమలులోకి వచ్చినా ఈ ఏడేళ్ళ నియమం అలాగే ఉంది. పెద్ద విపత్తు వస్తే ప్రభుత్వం ప్రత్యేక ఉత్తర్వులు ఇస్తుంది. ఒకే ఒక పడవ తిరిగి రాకపోతే? ఆ ఇంటి ఇల్లాలికి సర్టిఫికెట్టు లేదు, బీమా లేదు, పెన్షన్ దరఖాస్తులో వితంతువు అని రాయడానికి ఆధారం లేదు. ఇలాంటి దరఖాస్తులు నా బల్ల మీద కొన్ని పడ్డాయి. ఏ ఊరివారో, ఎవరో చెప్పడం భావ్యం కాదు.

ఇప్పుడు మళ్ళీ ఫిజిక్సుకు వద్దాం. గిలకలదిండి రేవు నుంచో, ఈ పాలకాయతిప్ప నుంచో వేటకు పోయే చిన్న పడవ చెక్కదో ఫైబరుదో అయి ఉంటుంది. రాడార్ తరంగం దానిలోంచి చాలావరకు దాటిపోతుంది, తిరిగి వచ్చేది చాలా తక్కువ. ఆ తక్కువ కూడా సముద్రపు కెరటాల నుంచి వచ్చే చెదురులో కలిసిపోతుంది. అంటే అమెరికాలో ఇన్నేళ్ళు కష్టపడి ఒక గొట్టానికి సాధించినదానిలో సగం మన జాలరికి పైసా ఖర్చు లేకుండా, అడగకుండానే వచ్చిపడింది! రాత్రివేళ అటు పోయే పెద్ద ఓడ రాడార్ తెర మీద అతను లేడు. గాలించడానికి వచ్చినవారి తెర మీద కూడా లేడు.

దీనికి విరుగుడు ఉన్నది, అదీ ఇదే లెక్కలోంచి వస్తుంది. 1943లో హాంబర్గు మీద దాడి చేసినప్పుడు ఆంగ్లేయులు సుమారు 27 సెంటీమీటర్ల రేకు ముక్కలను విమానాల నుంచి గుప్పించారు. జర్మను రాడార్ తరంగం పొడవులో అది సరిగ్గా సగం. అలా కోసిన రేకు తన సైజుకు మించి చెదరగొడుతుంది. రాడార్ తెరలు నిండిపోయి విమానమేదో రేకేదో తెలియలేదు. తొడుగు పెద్ద వస్తువు పద్దును సున్నా చేస్తే, ఈ రేకు చిన్న వస్తువు పద్దును పెద్దది చేస్తుంది. పడవలకు ఇంకా తేలికయినది మూడు లోహపు రేకులను గది మూలలాగా, ఒకదానికొకటి లంబంగా బిగించిన పరికరం. తరంగం ఎటునుంచి ఆ మూలలోకి వచ్చినా మూడు గోడలకు తగిలి వచ్చిన దారినే వెనక్కి పోతుంది. ఎత్తుగా కర్రకు కడితే మూరెడు పరికరం పడవంత పెద్దదిగా తెర మీద మెరుస్తుంది. బ్యాటరీ అక్కరలేదు, చెడిపోవడానికి అందులో ఏమీ లేదు. రేకులు సొట్టపడకుండా, మూల సరిగ్గా తొంభై డిగ్రీలు ఉండేలా చూసుకోవాలి. కాస్త వంగినా తరంగం వేరే దారి పడుతుంది.

ఇస్రోవారు రూపొందించిన ట్రాన్స్‌పాండరు దీనికంటె మేలయినది. ఫోను సిగ్నలు లేని చోటినుంచి కూడా ఉపగ్రహం ద్వారా ఆపద సందేశం పంపుతుంది, ఒడ్డునుంచి తుపాను హెచ్చరిక అందుకుంటుంది. దేశమంతటా లక్ష పడవలకు అమర్చే పథకాన్ని 2024 ఆగస్టు 30న ప్రారంభించారు. అది వచ్చిందని రేకు మూల తీసివేయవద్దు. ట్రాన్స్‌పాండరు ఒడ్డుకు చెబుతుంది. ఎదురుగా వచ్చే ఓడకు తన రాడార్‌లో ఏం కనపడితే అదే సత్యం.

మన జిల్లాకు ఈ చూపు విద్య కొత్త కాదని కూడా చెప్పాలి. బందరులో 1926లో పెట్టిన ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీని 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్ తీసుకున్నది. చీకట్లో చూసే పరికరాలు అక్కడ తయారవుతున్నాయి. ఇక్కడికి దగ్గరలోనే, నాగాయలంక మండలం గుల్లలమోదలో క్షిపణి పరీక్షా కేంద్రానికి 2025 మే 2న శంకుస్థాపన జరిగింది. అక్కడికి రాడార్లు వస్తాయి, కనపడకుండా దూసుకుపోయేవాటిని పట్టుకునే పరికరాలు వస్తాయి. మన పిల్లలలో కొందరు అక్కడ పని చేయవచ్చు. పడవల రేకు మూలలకు కొలతలు వేసి పెట్టండని వారిని అడగడంలో తప్పు లేదు.

ఒక సోదరుడు చీటీ పంపారు. బందరు రాడార్‌కు తెలియకుండా ఎవరైనా తుపానును దాచివేయగలరా అని. లేదు. తుపాను వందల కిలోమీటర్లు, తరంగం బెత్తెడు. పద్దులు కోటానుకోట్లు. ఏ గుమాస్తా కలపలేడు. చీటీ వెనక "భోజనాలు సిద్ధం" అని కూడా రాసి ఉంది. అది కార్యదర్శి గారి చేతిరాత.